ఋతుదోషములు, సంతానలేమి: హార్మోను ఉద్దీపన పరీక్షలను గూర్చి ఒక పాఠము

గ్రామ పంచాయతీ సభ్యుని యొద్దకు రోడ్లు, మంచినీరు, వీధిదీపములను గూర్చిన ఫిర్యాదులు మాత్రమే వచ్చునని తలపరాదు. సంసారములందలి చిక్కులు కూడ తుదకు రచ్చబండ చేరుచుండును. వానిలో మిక్కిలి బాధాకరమైనది సంతానము లేని దంపతుల తగవు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ వ్యాసకర్త ప్రచార కార్యక్రమమునకై ఒక గ్రామమునకు వెళ్ళియుండగా అట్టి తగవొకటి కంటబడినది. ఇరువది యారేండ్ల స్త్రీ. తొలికాన్పు ఇంటియందే జరిగినది. బిడ్డ దక్కలేదు. అటుపిమ్మట నాలుగేండ్లు గడచినను ఆమెకు ముట్టు రాలేదు. ఎల్లప్పుడు నీరసము, పొలమునకు పోలేదు, బిందె యెత్తలేదు. ఆమెను పుట్టింటికి పంపి, కుమారునకు మరల పెండ్లి చేయుటకు పెద్దల సమ్మతి కావలెనని అత్తవారు కోరిరి. "ఎండిన చెట్టునకు నీళ్ళు పోసి యేమి లాభము?" అని ఒక పెద్ద పలికెను. అప్పుడు వార్డు సభ్యురాలొకతె లేచి ఆ స్త్రీని రెండు ప్రశ్నలడిగెను: "అమ్మాయీ, కాన్పులో రక్తము ఎక్కువగా పోయినదా? తరువాత నీకు పాలు పడినవా?" చాప తడిసి నేల పారునంత రక్తము పోయినదనియు, పాలు ఒక్క చుక్కయు పడలేదనియు ఆమె చెప్పెను. "అట్లయిన వైద్యులు చూచువరకు ఈ తగవు తీర్చవలదు" అని ఆ సభ్యురాలు పట్టుబట్టెను. ఆ రెండు ప్రశ్నల విలువ యెంతటిదో ఈ పాఠము ముగియులోపల సభ్యులకు తెలియగలదు.

నాలుగు మెట్ల ఏర్పాటు

స్త్రీకి నెలనెల ముట్టు వచ్చుట గర్భాశయమొక్కదాని పని కాదు. దాని వెనుక నాలుగు మెట్ల ఏర్పాటు కలదు. మొదటిది మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్. అది జి.ఎన్.ఆర్.హెచ్. అను హార్మోనును కొద్ది కొద్దిగా విడుదల చేయుచుండును. రెండవది దాని క్రింద సెనగగింజ పరిమాణమున నున్న పిట్యూటరీ, అనగా పీయూష గ్రంథి. అది పై ఆజ్ఞ నందుకొని ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అను రెండు హార్మోనులను రక్తములోనికి వదలును. మూడవది అండాశయములు. ఇవి అండమును పండించుచు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అను హార్మోనులను తయారుచేయును. నాలుగవది గర్భాశయము. ఈస్ట్రోజెన్ వలన దాని లోపలి పొర దట్టమగును. ప్రొజెస్టిరాన్ వలన ఆ పొర పక్వమగును. గర్భము నిలువనప్పుడు ఆ రెండు హార్మోనులును తగ్గి, పొర విడిపోయి ముట్టుగా వెడలును.

మన సభ్యులకు కాలువల సంగతి బాగుగ తెలియును. చివరి భూములకు నీరందలేదనిన, ఆ రైతు పొలమునే తప్పుపట్టుదుమా? జలాశయమున నీరున్నదా, తూము ఎత్తినారా, కాలువకు గండి పడినదా, పంటబోదె పూడినదా యని వరుసగా విచారింతుము. ముట్టు రానప్పుడును, సంతానము కలుగనప్పుడును చేయవలసిన విచారణ ఇట్టిదే. కొరత కనబడునది చివరి పొలమున. కారణము మాత్రము ఏ మెట్టునందైనను ఉండవచ్చును.

ఉద్దీపన పరీక్ష యనగా నేమి?

సామాన్య రక్తపరీక్ష ఆ క్షణమున రక్తములో హార్మోను ఎంత యున్నదో మాత్రమే తెలుపును. బావిలో నీటిమట్టము చూచినంతనే దాని ఊట తెలియదు గదా! మోటారు నడిపి నీరు తోడి, మరల ఎంతసేపటికి ఎంత ఊరినదో చూచిన గాని బావి బలము తేలదు. అట్లే ఒక గ్రంథికి తెలిసిన మోతాదులో మందు నిచ్చి, అది ఏమి బదులిచ్చునో కొలుచుటయే ఉద్దీపన పరీక్ష.

ఇట్టి పరీక్ష గ్రామములకు క్రొత్తది కాదు. గర్భవతులకు 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీరు త్రాగించి, రెండు గంటల పిమ్మట రక్తమును పరీక్షించుట పలువురు చూచియే యుందురు. శరీరమునకు చక్కెర భారము నిచ్చి, దాని నెట్లు మోయునో చూచుటయే అందలి ఉద్దేశము. ఋతుదోషముల పరీక్షలును ఈ సూత్రము మీదనే నడచుచున్నవి.

ఈ విద్య పెంపొందుటకు రెండు ఆవిష్కరణలు తోడ్పడినవి. రక్తములోని అత్యల్ప హార్మోనును సైతము కొలుచు పద్ధతిని రోసలిన్ యాలో అను శాస్త్రజ్ఞురాలు, సాలమన్ బెర్సన్ అను వైద్యుడు కలిసి 1950-60 మధ్యకాలమున అమెరికాలో రూపొందించిరి. మెదడునుండి వెలువడు జి.ఎన్.ఆర్.హెచ్. నిర్మాణమును 1971లో ఆండ్రూ షాలీ, రోజర్ గిల్మాన్ అనువారు వేరువేరుగా కృషిచేసి వెల్లడించిరి. ఒకరు పందుల మెదళ్ళనుండి, వేరొకరు గొఱ్ఱెల మెదళ్ళనుండి ఆ పదార్థమును సేకరించుటకు సంవత్సరముల తరబడి శ్రమపడిరి. 1977లో యాలో, షాలీ, గిల్మాన్ మువ్వురును వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము నందుకొనిరి.

మొట్టమొదట చేయవలసినవి

ఉద్దీపన పరీక్షలు మొదటి మెట్టు కావు. పదునైదేండ్లు నిండినను రజస్వల కాని బాలికను, క్రమముగ ముట్టగుచుండి మూడు నెలలు ముట్టు నిలిచిన స్త్రీని, ముందునుండియు ముట్టు క్రమము తప్పియుండి ఆరు నెలలు నిలిచిన స్త్రీని వైద్యులకు చూపవలెను. రజస్వల కాని బాలిక విషయమున ముందుగా శరీరపరీక్షయు, స్కానింగును జరుగును. పుట్టుకతో వచ్చిన లోపములు అందు బయటపడవచ్చును.

ముట్టు నిలిచినప్పుడు అన్నిటికంటె ముందు చేయవలసినది గర్భనిర్ణయ పరీక్ష. ఇది చిన్న సంగతిగా కనబడినను, దీనిని మరచుట వలన పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి. తరువాత థైరాయిడ్ పరీక్ష, ప్రొలాక్టిన్ పరీక్ష, ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. కొలతలు, స్కానింగు వచ్చును. థైరాయిడ్ మందగించుట వలన ముట్టు తప్పిన స్త్రీకి దినమున కొక మాత్రతో ముట్టు మరల క్రమపడవచ్చును. కొన్ని మానసిక వ్యాధుల మందులు ప్రొలాక్టిన్‌ను పెంచి ముట్టును నిలుపును. కావున వాడుచున్న మందులన్నిటిని వైద్యునకు చూపవలెను. తిండి చాలక బరువు మిక్కిలి తగ్గినను, మనోవేదన హెచ్చినను మొదటి మెట్టగు హైపోథాలమస్ తన పనిని తగ్గించును. ఈ సులభ పరీక్షలలోనే చాలమందికి కారణము దొరకును. అప్పటికిని తేలనిచో ఉద్దీపన పరీక్షల యవసరము కలుగును.

ప్రొజెస్టిరాన్ పరీక్ష

వీనిలో పురాతనమైనది, సులభమైనది ఇది. గర్భము లేదని నిశ్చయించుకొనిన పిమ్మట వైద్యులు ప్రొజెస్టిరాన్ జాతి మాత్రను, సాధారణముగా మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 10 మిల్లీగ్రాములు, దినమున కొకటి చొప్పున ఐదునుండి పది దినములు ఇత్తురు. మాత్ర నిలిపిన వారము పదిదినములలో ముట్టు వచ్చినచో రెండు సంగతులు తెలియును. శరీరమున ఈస్ట్రోజెన్ ఉన్నది. గర్భాశయము, వెలుపలికి దారి సక్రమముగ నున్నవి. అనగా కాలువయు, పొలమును మంచివే. అండము నెలనెల విడుదల కాకపోవుటయే లోపము కావచ్చును. అండాశయములలో నీటిబుడగలని జనులు పిలుచు పి.సి.ఓ.ఎస్. స్థితిలో తరచుగా ఇట్లు జరుగును. అట్టి స్త్రీలకు ముందు చెప్పిన గ్లూకోజు పరీక్షయు అవసరము. ఏలయన వారికి మధుమేహము వచ్చు అవకాశము హెచ్చు.

ముట్టు రానిచో, కొన్ని వారములు ఈస్ట్రోజెన్ ఇచ్చి దానికి చివర ప్రొజెస్టిరాన్ చేర్చి చూతురు. అప్పుడు ముట్టు వచ్చినచో గర్భాశయము మంచిది, ఈస్ట్రోజెన్ కొరతయే కారణమని అర్థము. అప్పటికిని రానిచో గర్భాశయపు పొరయే దెబ్బతిన్నదేమో చూడవలెను. గర్భస్రావానంతరము మోటుగా గీకుట వలన లోపలి గోడలు అతుకుకొనవచ్చును. మన దేశమున మరియొక ముఖ్య కారణము కలదు. అది గర్భాశయమునకు సోకు క్షయ. దగ్గులేకయే, జ్వరము పైకి తెలియకయే క్షయ గర్భాశయమును, అండనాళములను పాడుచేయగలదు. క్షయకు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచిత చికిత్స కలదు. ఆలస్యమైన కొలది మచ్చలు మిగిలి సంతానావకాశము తగ్గును.

ఈ పరీక్ష ఒక్కటియే తుది తీర్పు కాదు. ఈస్ట్రోజెన్ ఉన్న స్త్రీలలో కొందరికి ముట్టు రాకపోవచ్చును. కొరత ఉన్నవారిలో కొందరికి కొద్దిగా కనబడవచ్చును. కావుననే నేటి వైద్యులు దీనిని రక్తపరీక్షతోను, స్కానింగుతోను సరిచూతురు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ముట్టు ఆలస్యమైనదని మందుల దుకాణమున స్వయముగా హార్మోను మాత్రలు కొని మ్రింగుట మన గ్రామములలో కలదు. అది పరీక్ష కాదు, ప్రమాదము. గర్భముండగా తెలియక మ్రింగుట జరుగవచ్చును. ఒకప్పుడు హెచ్చుమోతాదు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మందులను గర్భనిర్ణయమునకై వాడుచుండిరి. గర్భస్థ శిశువునకు హాని కలుగునను భయము వలన పలుదేశములందు ఆ వాడుక ఆగిపోయినది. భారత ప్రభుత్వము అట్టి హెచ్చుమోతాదు మిశ్రమమును 1988లో నిషేధించినది.

పీయూష గ్రంథి పరీక్ష

ఈస్ట్రోజెన్ కొరత యున్నదని తేలినప్పుడు ఎఫ్.ఎస్.హెచ్. కొలత దారి చూపును. అది మిక్కిలి హెచ్చుగా నున్నచో పైనుండి ఆజ్ఞ గట్టిగా వచ్చుచున్నను అండాశయములు పలుకుట లేదని అర్థము. అది తక్కువగా నున్నచో లోపము పై మెట్లయందున్నది. హైపోథాలమస్‌లోనా, పీయూష గ్రంథిలోనా అని విచారించుటకు జి.ఎన్.ఆర్.హెచ్. పరీక్ష ఏర్పడినది. సాధారణముగా 100 మైక్రోగ్రాముల మందును సూదిద్వారా ఎక్కించి, ముందును, అరగంట, గంటల పిమ్మటను రక్తము తీసి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. కొలుతురు. గ్రంథి బదులిచ్చినచో అది సజీవముగ నున్నదని తెలియును.

బదులు రానిచో గ్రంథి చెడినదని వెంటనే తీర్మానింపరాదు. చాలకాలము ఎండిన కాలువకు నీరు వదలినచో తొలినీటిని నేలయే పీల్చుకొనును, చివరకు చేరదు. అట్లే చిరకాలము ఆజ్ఞ లేక నిద్రించిన గ్రంథి ఒక్క సూదికి లేవకపోవచ్చును; పలుమారు ఇచ్చిన పిమ్మట పలుకవచ్చును. ఈ కారణముచేత పెద్ద స్త్రీలలో ఈ పరీక్ష వాడుక నేడు తగ్గినది. మెదడు యొక్క ఎం.ఆర్.ఐ. స్కానింగు దాని స్థానమును చాలవరకు ఆక్రమించినది. ఎనిమిదేండ్లు నిండకుండగనే ఎదుగుదల కనబడు బాలికల విషయమున మాత్రము ఇది నేటికిని ముఖ్యమైన పరీక్షయే.

ఆ రెండు ప్రశ్నలు

ఇప్పుడు మొదట చెప్పిన గ్రామమునకు వత్తము. గర్భిణీ స్థితిలో పీయూష గ్రంథి పెరుగును. కాన్పులో రక్తము అపారముగా పోయినప్పుడు ఆ గ్రంథికి రక్తప్రసారము చాలక, దాని భాగము చచ్చిపోవచ్చును. ఈ సంగతిని ఇంగ్లండు వైద్యుడు హెరాల్డ్ షీహన్ 1937లో విపులముగ వివరించెను. అందువలన దానిని షీహన్ వ్యాధి యందురు. పాలు పడుటకు కావలసిన ప్రొలాక్టిన్ ఆ గ్రంథియే ఇచ్చును గనుక పాలు పడవు. ముట్టు రాదు. థైరాయిడ్‌ను, అధివృక్క గ్రంథిని నడుపు హార్మోనులు కూడ తగ్గిపోవును గనుక నీరసము, చలికోర్వలేకపోవుట, రక్తపు పోటు తగ్గుట కలుగును. అట్టి స్త్రీకి ఒక జ్వరమో, విరేచనములో వచ్చినచో ప్రాణమునకే ముప్పు.

అధివృక్క గ్రంథి బలమును తెలిసికొనుటకును ఉద్దీపన పరీక్ష కలదు. కృత్రిమ ఎ.సి.టి.హెచ్. 250 మైక్రోగ్రాములు ఇచ్చి కార్టిజాల్ ఎంత పెరిగినదో చూతురు. ఇదే సూదితో వేరొక పదార్థమును కొలిచి, మీసములు, గడ్డము, ముట్టుదోషము కల కొందరు స్త్రీలలో అది పి.సి.ఓ.ఎస్.యా, లేక పుట్టుకతో వచ్చిన అధివృక్క గ్రంథి లోపమా యని వేరుచేయుదురు. చూచుటకు రెండును ఒక్కతీరుగ నుండును; చికిత్స మాత్రము వేరు.

ఆ గ్రామపు స్త్రీని ఎ.ఎన్.ఎం. సహాయమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అచటినుండి బోధనాసుపత్రికిని పంపిరి. పరీక్షలలో పీయూష గ్రంథి పలుకలేదు. అధివృక్క గ్రంథియు పలుకలేదు. వైద్యులు ముందుగా కార్టిజాల్ కొరతను తీర్చి, తరువాత థైరాయిడ్ మాత్రలను ఆరంభించిరి. ఈ వరుస తప్పినచో రోగికి హాని. కొన్ని మాసములలో ఆమె బిందె యెత్తగలిగెను. అందరు ఆమె సంతానమును గూర్చి తగవులాడుచుండిరి. అచ్చట ప్రమాదములో నున్నది ఆమె ప్రాణము. పుట్టింటికి పంపివేసియున్నచో ఏదో యొక జ్వరమున ఆమె పోయెడిది. విధి యని అందరును అనుకొనెడివారు.

అండాశయముల నిల్వ

వయస్సు ముదిరిన పిదప సంతానమునకై వచ్చు స్త్రీలలో అండముల నిల్వను అంచనా వేయుటకు 1987నుండి క్లోమిఫీన్ పరీక్ష వాడుకలోనికి వచ్చినది. ముట్టు ఐదవ దినమునుండి తొమ్మిదవ దినమువరకు దినమునకు 100 మిల్లీగ్రాములు ఇచ్చి, మూడవ దినమునను పదవ దినమునను ఎఫ్.ఎస్.హెచ్. కొలుచుట దీని పద్ధతి. నేడు ఎ.ఎం.హెచ్. అను రక్తపరీక్షయు, స్కానింగులో చిన్న అండకోశములను లెక్కించుటయు దీని స్థానమున వచ్చినవి. ఈ సంఖ్యలు తక్కువగ వచ్చినంత మాత్రమున ఈ స్త్రీకి సంతానము కలుగదని చెప్పుటకు వీలులేదు. ఇవి చికిత్సకు అండాశయము ఎంత పలుకునో తెలుపునవి గాని తలవ్రాతలు కావు.

భర్తకును పరీక్ష

పండ్రెండు మాసములు కాపురము చేసినను గర్భము నిలువనిచో దానిని సంతానలేమిగా పరిగణింతురు. ప్రపంచమున ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితకాలములో ఎప్పుడైనను దీనిని అనుభవింతురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. దీనిలో పురుషుని పాలు తక్కువ కాదు. భార్యకు సూదులు, స్కానింగులు జరుగుటకు పూర్వమే భర్తకు వీర్యపరీక్ష చేయవలెను. ఇది నొప్పిలేనిది, సులభమైనది, తక్కువ ఖర్చుతో కూడినది. అయినను మన యిండ్లలో దీనికే అందరికంటె ఎక్కువ ఆటంకము కలుగుచున్నది. భర్తను పరీక్షింపక భార్యను గొడ్రాలనుట, నిందితుని మాట వినక శిక్ష వేయుట వంటిది.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన 11వ షెడ్యూలునందు ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి పంచాయతీలకు సంబంధించిన విషయములుగ పేర్కొనబడినవి. కావున ఈ క్రింది పనులు సభ్యుల బాధ్యతలోనివే.

1. దంపతులిరువురికిని వైద్యపరీక్ష ముగియువరకు సంతానలేమి తగవులలో ఎట్టి తీర్పును చెప్పరాదు. హిందువులకు 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము, భార్య జీవించియుండగా విడాకులు లేక చేసికొను రెండవ వివాహము చెల్లదు, అది నేరము. సంతానము లేకపోవుట ఆ చట్టమున విడాకులకు కారణముగ లేదు.

2. కాన్పులు వైద్యశాలలయందే జరుగునట్లు చూడవలెను. కాన్పులో రక్తము అధికముగా పోయిన ప్రతి స్త్రీని గూర్చి "పాలు పడినవా? ముట్టు మరల వచ్చినదా?" అని ఆశా కార్యకర్త విచారించునట్లు గ్రామ ఆరోగ్య సంఘమున ముచ్చటింపవలెను.

3. ముట్టు నిలిచినదని దుకాణమున మాత్రలు కొనుటను, భూతవైద్యులకు, నాటు మందులకు ధనము పోయుటను నివారింపవలెను.

4. ఉద్దీపన పరీక్షలు పెద్ద ఆసుపత్రులలో జరుగునవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి చీటీ, పాత కాగితములు, వాడిన మందుల పేర్లు వెంట తీసికొని పోవునట్లు చెప్పవలెను. పాత కాగితములున్నచో చేసిన పరీక్షయే మరల చేయించు ఖర్చు తప్పును.

5. ఈ సంగతులు రహస్యములు. స్త్రీ యొక్క పరీక్షాఫలితము రచ్చబండ మీద చదువదగినది కాదు. సభ్యులకు తెలిసినను వారి నోట వెలువడరాదు.

సంతానము కలుగుట, కలుగకపోవుట అన్నివేళల వైద్యుని చేతిలోనైనను ఉండదు. కాని కారణమును వెదకుట మనుష్యుల చేతిలో నున్నది. వెదకక మునుపే తీర్పు చెప్పకుండుట పంచాయతీ సభ్యుని చేతిలో నున్నది. కాలువ పొడవున నడచి చూడక చివరి రైతును నిందింపని మనము, ఇంటి కోడలి విషయమునను ఆ పాటి న్యాయమును పాటింతుము గాక.